వీసా: మనకు మొదటి లెక్క

(విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవాలనుకుంటున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి ముందు మీలో చాలామంది ప్రశ్నలు రాసి పంపారు. అన్నీ చదివాను. ఏ దేశం మంచిది, ఏ యూనివర్సిటీకి ర్యాంకు ఎక్కువ, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత స్కోరు కావాలి అనేవే ఎక్కువ. వీసా గురించి అడిగినవాళ్లు కొద్దిమందే. వాళ్లు కూడా "ఇంటర్వ్యూలో ఏం అడుగుతారన్నా?" అని మాత్రమే అడిగారు. అంటే అడ్మిషన్ వచ్చాక వీసా సంగతి చూసుకోవచ్చు అనుకుంటున్నాం. డబ్బున్న ఇంటి పిల్లలకు అది నిజమే. వాళ్లకు వీసా చివరి మెట్టు. మనకు మాత్రం అది మొదటి లెక్క. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

నేను స్కాలర్‌షిప్ మీద బయట చదువుకుని వచ్చినవాణ్ణి. ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటూ, ఏటా కొంతమంది విద్యార్థుల ఫైళ్లు చూస్తుంటాను. ఆ ఫైళ్లు చూసీ చూసీ నాకు అర్థమైన విషయం ఒకటుంది. వీసా అధికారి ఏ దేశంవాడైనా ప్రధానంగా మూడు సంగతులు చూస్తాడు. ఒకటి, ఈ మనిషి నిజంగా చదువుకోవడానికే వస్తున్నాడా? రెండు, ఖర్చు ఎవరు భరిస్తారు, ఆ డబ్బు ఎక్కడిది? మూడు, ఇతని కాగితాలన్నీ ఒకే మాట చెబుతున్నాయా? ఈ మూడింటిలో కులం అన్న మాట ఎక్కడా ఉండదు. కానీ బ్యాంకు నిల్వ, ఆస్తి, సక్రమమైన రికార్డులు, చదువుకున్న చుట్టాలు ఈ దేశంలో ఎవరి దగ్గర పోగుపడ్డాయో మీకు తెలుసు. కాబట్టి కులం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగని ఫారం ముందు కూడా మనం సమానంగా నిలబడలేం. మన చేతిలో ఉన్నది ఒక్కటే, సమయం. ముందుగా మొదలుపెట్టడం ఒక్కటే మనం ఖర్చు లేకుండా తెచ్చుకోగల బలం.

బాబాసాహెబ్ విదేశీ చదువును మనం ఎప్పుడూ మేధస్సు కథగానే చెప్పుకుంటాం. అది నిధుల కథ, గడువుల కథ కూడా. 1913లో ఆయన బరోడా సంస్థానంతో ఒప్పందం మీద సంతకం చేసి కొలంబియాకు వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లపాటు. బదులుగా తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలి. 1916లో లండన్ చేరి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. మరుసటి ఏడాదే స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. పరిశోధన సగంలో ఉండగా వెనక్కి రావాల్సి వచ్చింది. వచ్చేముందు ఆయన ఒక పని చేశారు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించడానికి యూనివర్సిటీ నుంచి అనుమతి తీసుకున్నారు. ఆ తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతం, సాహు మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డీఎస్సీ అందుకున్నారు. ఆ అనుమతి లేకపోతే దారి ఇంకెంత కష్టమయ్యేదో ఆలోచించండి. ఇవాళ మనం 'డిఫరల్ లెటర్' అంటున్నది దాదాపు అదే. దాన్ని అడగడం చిన్నతనం కాదని చెప్పడానికే ఈ చరిత్ర గుర్తుచేస్తున్నాను.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. స్కాలర్‌షిప్ క్యాలెండరు వేరు, వీసా క్యాలెండరు వేరు. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉన్న ఎస్సీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తుంది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఇలాంటి పథకమే ఉంది. మంచి పథకాలు. కానీ డబ్బు ఎప్పుడు వస్తుంది? మొదటి విడత 10 లక్షలు మీరు ఆ దేశంలో దిగి, దిగినట్టు ఐ-94 లాంటి ఇమిగ్రేషన్ కాగితం చూపించాక. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. వీసా అధికారి ఏం అడుగుతాడు? విమానం ఎక్కకముందే డబ్బు చూపించమంటాడు. ప్రభుత్వం దిగాక ఇస్తానంటుంది, రాయబార కార్యాలయం దిగకముందే చూపమంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోకే కన్సల్టెన్సీలు, వడ్డీ వ్యాపారులు చొరబడతారు.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతీ చూడండి. ఏటా 125 సీట్లు. అందులో 115 ఎస్సీలకు, మిగతావి సంచార, విముక్త జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ వృత్తిదారుల పిల్లలకు. ఆదాయ పరిమితి 8 లక్షలు, వయసు 35 లోపు. ఫీజు, విమాన ఛార్జీ, వీసా రుసుము, ఆరోగ్య బీమా ఇస్తారు. 2024-25 మార్గదర్శకాల ప్రకారం జీవన భృతి బ్రిటన్‌లో ఏడాదికి 9,900 పౌండ్లు, మిగతా దేశాల్లో 15,400 డాలర్లు. ఇప్పుడు దీని పక్కన బ్రిటన్ వీసా నిబంధన పెట్టండి. 2025 నవంబర్ నుంచి లండన్‌లో చదివేవాళ్లు నెలకు 1,529 పౌండ్ల చొప్పున, లండన్ బయట 1,171 చొప్పున, తొమ్మిది నెలల ఖర్చు చూపాలి. అంటే లండన్‌లో 13,761, బయట 10,539. ప్రభుత్వం ఏడాది మొత్తానికి ఇచ్చేది, వీసా అధికారి తొమ్మిది నెలలకు అడిగేదానికంటే తక్కువ. అందుకే అవార్డు లెటర్ చేతికి రాగానే దాన్ని స్కాన్ చేసి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు పంపండి. "ఇది సరిపోతుందా? సరిపోకపోతే తేడా ఎలా చూపాలి?" అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు పనికిరాదు, రాసిన జవాబు పనికొస్తుంది.

ఆ అవార్డు లెటర్ కూడా సమయానికి వస్తుందన్న భరోసా లేదు. 2025లో ఈ పథకానికి 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే తాత్కాలిక అవార్డు పత్రాలు ఇచ్చారు. మిగతావాళ్లకు నిధులు అందుబాటులో ఉంటే ఇస్తామన్నారు. అప్పటికి జూలై నెల. సెప్టెంబర్‌లో తరగతులు. మెరిట్‌తో ఎంపికైన విద్యార్థి నిధుల ఫైలు కదిలేదాకా గుమ్మంలో నిలబడాలన్నమాట. కాబట్టి జూన్ మొదటివారానికల్లా చేతిలో అవార్డు లెటర్ లేకపోతే, డిఫరల్ గురించి యూనివర్సిటీకి రాయడం మొదలుపెట్టండి. సీటు వదులుకోమని కాదు నేను చెప్పేది. సీటును జనవరికో, వచ్చే ఏడాదికో జరుపుకునే దారి తెరిచి ఉంచుకోమని.

ఇక ఆచరణలోకి వద్దాం. తరగతులు మొదలయ్యే ఆగస్టు, సెప్టెంబర్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

పద్దెనిమిది నెలల ముందు పాస్‌పోర్టు. మామూలు పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. మనకు ఖర్చుకంటే పేరుతోనే తంటా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కుల ధృవీకరణలో ఇంకో స్పెల్లింగ్‌తో ఉంటుంది. పాస్‌పోర్టులో పొట్టి అక్షరాలు కుదరవు, పూర్తిగా విప్పి రాయాలి. మన అమ్మానాన్నల పేర్లు బడిలో టీచరు తనకు తోచినట్టు రాసినవి. ఊళ్లో పిలిచే పేరు వేరు, రేషన్ కార్డులో పేరు వేరు. రికార్డు సరిగా లేకపోవడం మన తప్పు కాదు. మనల్ని మనుషులుగా నమోదు చేసుకోవడంలో ఈ వ్యవస్థ చూపిన నిర్లక్ష్యం అది. కానీ సరిదిద్దుకునే భారం మన మీదే పడింది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా ఇప్పుడే మార్పించుకోండి. ఇంటిపేరు, పేరు అనే రెండు గడుల్లో దేనినీ ఖాళీగా వదలకండి. అసలు పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే పేరు తెలియదు అని పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి డిగ్రీ పట్టా దాకా అది మిమ్మల్ని వెంటాడుతుంది.

పదిహేను నెలల ముందు దేశాలను ఎంచుకోండి. ఒక్క దేశం మీదే ఆశ పెట్టుకోకండి, రెండు దేశాలు పెట్టుకోండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ భారతీయ విద్యార్థులకు ముందుగా ఏపీఎస్ ధృవపత్రం కావాలి. దానికి 18,000 రూపాయలు, కొన్ని వారాల సమయం. ఆపైన స్కాలర్‌షిప్ లేనివాళ్లు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీకే తిరిగి ఇస్తారు. కెనడాలో 2024 నవంబర్‌లో వేగంగా అనుమతి ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని ఎత్తేశారు. 2025 సెప్టెంబర్ నుంచి ఒక్కరి జీవన ఖర్చుకే 22,895 కెనడా డాలర్లు చూపాలి, ఫీజు దానికి అదనం. ఆస్ట్రేలియాలో వీసా రుసుమే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు. తిరస్కరిస్తే అది తిరిగి రాదు. ఈ అంకెలు మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే మళ్లీ చూడండి. యూట్యూబ్‌లో చూసిన అంకె మీద లెక్క కట్టకండి.

తొమ్మిది నుంచి పన్నెండు నెలల ముందు అడ్మిషన్ దరఖాస్తులు. అదే సమయంలో మీసేవలో కుల, ఆదాయ ధృవపత్రాలు కొత్తగా తీసుకోండి. నేషనల్ ఓవర్సీస్‌కు షరతులు లేని ఆఫర్ లెటర్ కావాలి, యూనివర్సిటీ క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి. "డిగ్రీ పట్టా పంపితే ఖాయం చేస్తాం" అనేది షరతులున్న ఆఫర్. అందుకే ట్రాన్‌స్క్రిప్టులు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం మీ యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరిగే పని చివరి సెమిస్టర్‌లోనే పెట్టుకోండి.

ఆఫర్ వచ్చాక వీసాకు ముందు పెట్టే ఖర్చులు ఉంటాయి. వాటినే మనవాళ్లు మర్చిపోతారు. అమెరికాకు సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలు సీఏఎస్ ఇవ్వడానికి ముందే డిపాజిట్ కట్టమంటాయి. వీసా రుసుము 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లుగా ఉండేది. ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776. ఏడాది మాస్టర్స్‌కు వీసా పదహారు నెలలు ఇస్తారు కాబట్టి అది 1,164 అవుతుంది. 2025 నాటి వీసా రుసుముతో కలిపి 1,688 పౌండ్లు. స్కాలర్‌షిప్ వాళ్లు తర్వాత తిరిగి ఇచ్చేవి కొన్ని ఉన్నా, ముందు చేతి నుంచి పెట్టాల్సింది మీరే. ఈ మొత్తం ఎక్కడినుంచి వస్తుందో ఆరు నెలల ముందే ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోండి.

అప్పు గురించి ఒక మాట. పెద్ద విద్యారుణానికి బ్యాంకులు తాకట్టు అడుగుతాయి. మన కుటుంబాల్లో భూమి ఉన్నా చాలాచోట్ల అది అసైన్డ్ భూమి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చినా, అలాంటి పట్టా చూసి లక్షల రుణం రాయడానికి మేనేజరు వెనకాడతాడు. కాబట్టి ఒక్క బ్యాంకు కాదన్నదని ఆగకండి. కాదన్న కారణం రాతపూర్వకంగా అడగండి. షెడ్యూల్డ్ కులాల ఆర్థికాభివృద్ధి సంస్థకు కూడా విద్యారుణ పథకం ఉంది, అక్కడా ప్రయత్నించండి. బ్రిటన్ వీసాకు సొంత డబ్బయితే ఖాతాలో వరసగా 28 రోజులు ఒక్క రోజూ తగ్గకుండా ఉండాలి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ లెటర్‌కు, గుర్తింపు ఉన్న బ్యాంకు రుణ పత్రానికి ఆ నిబంధన వర్తించదు. ఈ ఒక్క తేడా తెలియక వడ్డీకి తెచ్చి ఖాతాలో వేసినవాళ్లను చూశాను.

ఇక్కడే కన్సల్టెన్సీ వస్తుంది. "నెల రోజులు బ్యాలెన్స్ మేం చూపిస్తాం, కమీషన్ ఇస్తే చాలు" అంటారు. "మీ నాన్న కూలీ అని చెప్పకు, బిజినెస్ అని చెప్పు" అంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రెండు మాటలూ వినకండి. అమెరికా చట్టంలో తప్పుడు సమాచారంతో వీసా కోరినవాళ్లకు శాశ్వతంగా ప్రవేశం లేకుండా చేసే వీలుంది. బ్రిటన్‌లో మోసం రుజువైతే పదేళ్ల నిషేధం పడవచ్చు. కమీషన్ తీసుకున్నవాడికి ఏమీ కాదు. పోయేది మీ పేరు. పైగా నాన్న కూలీ అని చెప్పడంలో తలవంపులు ఏమున్నాయి? "మా నాన్న వ్యవసాయ కూలీ, నా ఫీజు ఫలానా స్కాలర్‌షిప్ కడుతుంది, ఇదిగో పత్రం" అన్నది గట్టి జవాబు. అబద్ధపు వ్యాపారానికి తర్వాతి ప్రశ్నలోనే కాళ్లు విరుగుతాయి.

అమెరికా ఇంటర్వ్యూ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అక్కడి చట్టంలో 214(బీ) అనే సెక్షన్ ఉంది. ప్రతి దరఖాస్తుదారూ అక్కడే స్థిరపడటానికి వస్తున్నాడని ముందే అనుకుంటుంది, కాదని చూపించాల్సిన బాధ్యత మీది. ఆస్తులు లేనివాళ్లు ఏం చూపిస్తారు? చదువు తర్వాత ఇక్కడ చేయబోయే పని చూపిస్తారు. ఈ కోర్సే ఎందుకు, ఈ ప్రొఫెసర్ దగ్గరే ఎందుకు, తిరిగొచ్చి ఏ రంగంలో పనిచేస్తారు అనేవి మూడు నాలుగు వాక్యాల్లో, బట్టీపట్టని మాటల్లో చెప్పగలగాలి. ఇంగ్లీషు ఉచ్చారణ గురించి భయపడకండి. అర్థమయ్యేలా, నిదానంగా చెబితే చాలు. స్నేహితులు ఇద్దరు ఎదురుగా కూర్చుని వారానికి రెండుసార్లు ప్రశ్నలడిగితే, అదే మీ కోచింగ్.

2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసా కోరేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలంటోంది. డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన ఖాతాలన్నీ రాయాలి. మనలో చాలామంది కులం గురించి, రాజకీయాల గురించి రాసేవాళ్లమే. నోరు మూసుకోమని నేను చెప్పను. ఖాతా దాచడం మాత్రం అబద్ధం కిందికి వస్తుంది, అది చేయకండి. మీరు రాసింది ఎవరైనా చదువుతారని తెలుసుకుని, దాన్ని వివరించడానికి సిద్ధపడి వెళ్లండి. ఆ తర్వాత ఏ దేశానికి వెళ్లాలన్నది మీ నిర్ణయం.

యూనివర్సిటీ ఎంపికలోనూ మోసపోవద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కొందరు మన తెలుగు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు వేశారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అనేది అసలు యూనివర్సిటీయే కాదని, అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్ని నడిపిందని తేలింది. అక్కడా చిక్కుకున్నవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అది ప్రభుత్వ గుర్తింపు జాబితాలో కూడా ఉంది. కాబట్టి జాబితా ఒక్కటే చూస్తే చాలదు. తరగతులు నడుస్తున్నాయా, పాఠం చెప్పేవాళ్లెవరు, అక్కడ చదివిన ఇద్దరితో మీరు మాట్లాడారా? చేరిన మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఒకవేళ తిరస్కరిస్తే? అది మీ తెలివి మీద తీర్పు కాదు. కారణం రాసిన కాగితం దాచుకోండి. ఏ పత్రం బలహీనంగా ఉందో చూసి, అది మారిన తర్వాతే మళ్లీ దరఖాస్తు చేయండి. అదే ఫైలుతో వారంలో మళ్లీ వెళ్తే రుసుము పోవడం తప్ప ఫలితం ఉండదు. తర్వాత ఏ దేశానికి దరఖాస్తు చేసినా, గతంలో తిరస్కరించారా అన్న ప్రశ్నకు నిజమే రాయండి.

ఇప్పటిదాకా మీరు చేయాల్సిన పనులు చెప్పాను. అన్నీ విద్యార్థి భుజాల మీదే పెట్టి వెళ్లిపోతే అన్యాయం అవుతుంది. ప్రభుత్వాలను అడగాల్సినవి ఉన్నాయి. 2022లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ మార్గదర్శకాలు మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదని రాసింది. 1916లో కొలంబియాలో బాబాసాహెబ్ చదివిన 'భారతదేశంలో కులాలు' పత్రం ఇవాళ ఆ నిబంధన దాటగలదా? కులం గురించి చదవాలనుకునే దళిత విద్యార్థికి డబ్బు లేదని చెప్పడం కేవలం పొదుపు చర్య అని నేను నమ్మను. ఆ నిబంధన పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పథకం నుంచి అంబేడ్కర్ పేరు తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు. పేరు ముఖ్యమే. పేరుతోపాటు డబ్బు సమయానికి రావడం కూడా అంతే ముఖ్యం. ఎంపిక ఫలితాలు ఏప్రిల్‌లోపు రావాలి. మొదటి విడతలో కొంత భాగాన్ని వీసాకు ముందే యూనివర్సిటీకి నేరుగా కట్టాలి. భృతిని ఆయా దేశాల వీసా నిబంధనకు తగ్గకుండా పెంచాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రభుత్వం తానిచ్చిన స్కాలర్‌షిప్‌ను పనికొచ్చేలా ఇవ్వమని అడగడమే.

చివరగా ఒక పని అప్పగిస్తాను. మీలో ఎవరికి వీసా వచ్చినా, రాకపోయినా, ఏ తేదీన ఏ కాగితం పెట్టారో, ఎంత కట్టారో, ఏం అడిగారో రెండు పేజీల్లో తెలుగులో రాయండి. మీ పేరు అక్కర్లేదు. హాస్టల్‌లో మీ తర్వాత వచ్చేవాళ్లకు ఇవ్వండి. ఆధిపత్య కులాల పిల్లలకు ఈ సమాచారం భోజనాల దగ్గర, పెళ్లిళ్లలో, బాబాయి ఫోన్‌లో దొరుకుతుంది. మనకు ఆ బాబాయి లేడు. ఆ రెండు పేజీలే మన బాబాయి.

జై భీమ్.